ఆరున్నర అడుగుల చోటు లేదట!

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆ రోజు పొద్దున్నే పెద్దలు కొత్త టీషర్టులు, కొత్త హెల్మెట్లతో దిగుతారు. ముందు పోలీసు పైలట్, పక్కన కెమెరాలు. ఓ కిలోమీటరు తొక్కి, పర్యావరణం మీద నాలుగు ముక్కలు చెప్పి, ఎవరి కారు వాళ్లు ఎక్కి వెళ్లిపోతారు. మర్నాడు హైదరాబాద్ నగరంలో రద్దీ రోడ్డు మీద సైకిల్‌కు దారి ఇమ్మని అడిగితే మాత్రం ఒకటే జవాబు: చోటు లేదు.

అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి మీదుగా మియాపూర్ పోయే రోడ్డునే చూద్దాం. పైన మెట్రో, కింద నరకం. సనత్‌నగర్, బాలానగర్ షెడ్లలో పనిచేసేవాళ్లలో ఇప్పటికీ టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని సైకిల్ మీద డ్యూటీకి వచ్చేవాళ్లున్నారు. భరత్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి రాగానే దిగి తోసుకుంటారు. వెనక బస్సు హారన్, మోచేతిని రాసుకుంటూ ఆటో అద్దం. వీళ్లు పొట్ట తగ్గించుకోవడానికి తొక్కేవాళ్లు కాదు, పొట్ట కోసం తొక్కేవాళ్లు. ట్విటర్‌లో అధికారులను ట్యాగ్ చేయరు. అందుకే కాబోలు లెక్కలోకి రారు.

ఇంతకీ లేదంటున్న చోటు ఎంత? సైకిల్ ట్రాక్‌కు కనీసం రెండు మీటర్ల వెడల్పు ఉండాలని, రోడ్లకు ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే రాసిపెట్టింది. ఆరున్నర అడుగులు! కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లకు, అండర్‌పాస్‌లకు ప్లాన్ గీసినప్పుడు చోటు దొరికింది. షోరూముల ముందు రోడ్డు మీదే కార్లు నిలుపుకోవడానికి రోజూ దొరుకుతోంది. సైకిల్ అనేసరికి మాత్రం నగరం ఇరుకైపోతుంది.

పోనీ, సైకిల్ అంటే మన పాలకులకు గిట్టదా అంటే అదీ కాదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. ఎండ తగలకుండా పైన సోలార్ కప్పు కూడా పెట్టి 2023లో ఘనంగా ప్రారంభించారు. మంచి పనే, కాదనం. కానీ నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఆదివారం కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్లేవాళ్లకు నీడ, మూసాపేటలో సోమవారం షిఫ్టుకు పోయేవాడికి బురదా? సరదాకు తొక్కితే ట్రాకు, బతుకుతెరువుకు తొక్కితే గట్టర్ అంచు. దీన్ని ప్రణాళిక అనరు, వేషం అంటారు.

స్పీడ్ సంగతీ అంతే. 2022లో ఈ నగరంలో డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్ల వేగ పరిమితిని గంటకు 60 కిలోమీటర్లకు పెంచారు. ఎవరి కోసం? సాయంత్రం ఏడింటికి ఎర్రగడ్డలో 60లో పోయే మొనగాడెవరైనా ఉంటే చూపించండి. ఆ వేగం అందేది రాత్రి పదకొండు దాటాక, తెల్లవారుజామున. సెకండ్ షిఫ్టు దిగినవాళ్లు, పాలవాళ్లు, రోడ్లు ఊడ్చేవాళ్లు తిరిగేదీ అప్పుడే. ఈ పేపరు మీ గుమ్మంలో పడటానికి ఓ కుర్రాడు నాలుగున్నరకే సైకిల్ ఎక్కి ఉంటాడు. వేగం 30 నుంచి 60కి రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగు రెట్లవుతుందని హైస్కూల్ ఫిజిక్స్ చెబుతుంది. నడిచేవాళ్లు, సైకిళ్లు, బళ్లు కలిసిపోయే చోట 30 దాటొద్దని, రోడ్డు భద్రతపై ప్రపంచ దేశాల 2020 స్టాక్‌హోమ్ ప్రకటన అడిగింది. మనం మాత్రం పరిమితి పెంచాం. అది దాటినవాళ్లకు చలానా రాసి 2022లో ఒకసారి, 2023 చివర్లో మరోసారి పండగ సేల్ లాగా డిస్కౌంట్ ఇచ్చాం. ఒకప్పుడు ఇదే ఊళ్లో సైకిల్‌కు లైటు లేకపోతే, డబుల్స్ తొక్కితే పోలీసు గాలి తీసేవాడు. అప్పట్లో ఏ డిస్కౌంటూ లేదు.

వేగం తగ్గిస్తే ట్రాఫిక్ పెరుగుతుందని, పార్కింగ్ పోతే గిరాకీ పోతుందని కొందరి వాదన. పీక్ టైంలో ఎలాగూ పాకుతున్న రోడ్డు మీద పరిమితి తగ్గితే ఎవరికీ పోయేది లేదు. షాపు ముందు గంటలకొద్దీ నిలిచి ఉండే కారు చాలాసార్లు యజమానిదే, గిరాకీది కాదు.

అమీర్‌పేట-మియాపూర్ రోడ్డులో వేగం 40కి, మెట్రో స్టేషన్ల దగ్గర, స్కూళ్ల ముందు 30కి దించాలి. ఆరున్నర అడుగుల సైకిల్ దారి వేయాలి, దానికి కాంక్రీటు గట్టు కట్టాలి. తెల్ల గీతతో సరిపెడితే సాయంత్రానికల్లా అది బుల్లెట్ బండ్ల పార్కింగ్ అవుతుంది. ఆ చోటు ఫుట్‌పాత్ కోసి ఇస్తామంటే అస్సలు కుదరదు. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. కార్ల వాటాలోంచే ఇవ్వాలి.

అంతవరకూ సైకిల్ ఫొటోలు మాకు పంపొద్దు. వచ్చే జూన్ 3న ఏ పెద్దకైనా తొక్కాలని అంత ముచ్చటగా ఉంటే, సాయంత్రం ఆరున్నరకు భరత్‌నగర్ ఫ్లైఓవర్ మీదికి పైలట్ లేకుండా ఒంటరిగా రండి. ఫొటోగ్రాఫర్‌ను మేమే పంపిస్తాం.