రిమాండ్ రోజే మొదలయ్యే శిక్ష

ఒక నేరం గురించి మనం పేపర్లో చదివేది సాధారణంగా రెండుసార్లే: నిందితుణ్ని పట్టుకున్నప్పుడు, శిక్ష పడ్డప్పుడు. మధ్యలో ఏళ్ల తరబడి నడిచే వాయిదాలు ఎవరికీ పట్టవు. నన్నడిగితే, కేసు తలరాత తేలేది ఎవరూ పట్టించుకోని రెండు చిన్న విచారణల్లో. ఒకటి రిమాండ్, అంటే అరెస్టయిన మనిషిని కస్టడీకి పంపాలా వద్దా అని మెజిస్ట్రేట్ తేల్చేది. రెండోది, దోషి అని తేలాక శిక్ష ఎంత వేయాలన్నదానిపై జరిగేది. ఎదుట నిలబడ్డ మనిషిని ఒకసారి ఆగి చూడమని చట్టం జడ్జికి చెప్పేది అక్కడే. మన కోర్టులు హడావుడి పడేదీ అక్కడే.

అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా మెజిస్ట్రేట్ ముందుకు తేవాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ చెబుతోంది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు రాసి చూపాలని, అది చూడకుండా మెజిస్ట్రేట్ యాంత్రికంగా రిమాండ్ విధించకూడదని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అరెస్టు చేయకుండా హాజరు కమ్మని పోలీసులిచ్చే, అందరి నోటా నానిన 41ఏ నోటీసు ఈ కోవలోదే. 2024 జూలై 1న పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక అది 35వ సెక్షన్లోకి మారింది కానీ, పాత పేరు మాత్రం పోలేదు.

ఇన్ని కట్టుబాట్లున్నా, చాలాచోట్ల రిమాండ్ రిపోర్టు వచ్చిందంటే జైలుకు పంపడం ఖాయం అన్నట్టే ఉంటుంది. కొత్త సంహిత ఇంకో మెలిక పెట్టింది. పోలీస్ కస్టడీ గరిష్ఠంగా 15 రోజులే అయినా, దాన్ని ముక్కలు చేసి నేర తీవ్రతను బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. దాంతో 'కస్టడీ ఇంకా మిగిలి ఉంది' అన్న మాట బెయిల్‌కు అడ్డుపుల్లగా మారే అవకాశం ఉంది. 60 లేదా 90 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే వచ్చే డిఫాల్ట్ బెయిల్ హక్కు అలాగే ఉంది. అయితే అది తనంతట తాను రాదు, అడగాలి. చార్జిషీట్ పడేలోపే అడగాలి. లాయరు లేని పేదవాడికి ఆ తేదీ గుర్తుచేసేదెవరు?

2022 నాటి నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో మన ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలే ఉండటం ఊరికే జరగలేదు.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిన దారే. అభియోగాల నమోదు, సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్, వాదనలు. ప్రెస్‌మీట్లో ముసుగేసి నిలబెట్టి 'నేరం ఒప్పుకున్నాడు' అని పోలీసులు చెప్పేది ఇక్కడ చెల్లదు. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు. ఆ సంగతి టీవీ చర్చల్లో వినిపించడం అరుదు. వాదనలు ముగిశాక 30 రోజుల్లో, కారణాలు రాస్తే 45 రోజుల్లో తీర్పివ్వాలని కొత్త సంహిత గడువు పెట్టింది. మంచిదే. కానీ ఏళ్లు కరిగిపోయేది సాక్షుల దగ్గర.

ఇక శిక్ష. దోషి అని తేలాక అతడి మాట విడిగా వినాలన్నది మొక్కుబడి కాదని 1976లో శాంతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నడుస్తున్నది వేరు. 'ఏమైనా చెప్పుకుంటావా?' అని అడుగుతారు. 'ముసలి తల్లి ఉంది, పిల్లలు చిన్నవాళ్లు' అంటాడు. తరచూ ఆ రోజే శిక్ష చదివేస్తారు. ఉరిశిక్షకు అవకాశమున్న కేసుల్లో నిందితుడి నేపథ్యం, మానసిక స్థితి, జైల్లో నడవడిక గురించి నివేదికలు తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మూడేళ్లో, పదేళ్లో పడేవాడికి అలాంటిదేదీ ఎందుకు అక్కర్లేదో నాకు అర్థం కాదు. దోషిని జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుపై విడిచిపెట్టే వీలిచ్చే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉన్నా, దాని పేరెత్తే డిఫెన్స్ లాయర్లే తక్కువ.

శిక్ష పడ్డవాడికి రిమాండ్లో గడిపిన రోజులు జైలుశిక్షలోంచి మినహాయిస్తారు. నిర్దోషిగా బయటికొచ్చినవాడికి మినహాయించడానికి ఏమీ ఉండదు. అన్యాయంగా ప్రాసిక్యూషన్‌కు గురైనవారికి పరిహారం చట్టబద్ధం చేయాలని లా కమిషన్ 2018లో సిఫారసు చేసింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన సంహితలో అలాంటి అధ్యాయం లేదు. తగిన కారణం లేకుండా అరెస్టు చేయించినవారి నుంచి పరిహారం ఇప్పించే పాత సెక్షన్‌ను మాత్రం ఉంచారు. ఆ పరిహారానికి గరిష్ఠ పరిమితి వెయ్యి రూపాయలు.