సిరాచుక్క గారికో అర్జీ

మహారాజశ్రీ మొదటి సిరాచుక్క గారి సముఖమునకు,

మహబూబ్‌నగర్ నుంచి ఒక బడిపంతులు నమస్కరించి రాసుకునే అర్జీ. విషయం: తమరు పాళీని ముట్టుకోవడం వల్ల నాకు కలిగిన నష్టం. సూచిక: నా తెల్ల చొక్కా, ఎడమ జేబు.

ఇక్కడ అందరం క్షేమం, పెన్నులు తప్ప.

ముప్పై ఏళ్లు ఎర్ర ఇంకుతో నోటుబుక్కులు దిద్దిన చెయ్యి ఇది. హెడ్మాస్టరయ్యాక పచ్చ ఇంకు చేతికొచ్చింది. జిరాక్సుల మీద గెజిటెడ్ సంతకం కోసం పిల్లల తండ్రులు మా వరండాలో కూర్చునేవారు. సెల్ఫ్ అటెస్టేషన్ వచ్చినంక వాళ్లు రావడం మానేశారు, పచ్చ ఇంకు సగం సీసా మిగిలిపోయింది. ఇప్పుడు బళ్లో రాసేదేముంది, అంతా ఫోన్‌లో నొక్కుడే. అయినా ఇంటికాడ నాలుగు ముక్కలు రాసుకోవడానికి ఒక మంచి ఇంకు పెన్ను ఉంటే బాగుండనిపించింది. తప్పే, ఒప్పుకుంటున్నా.

ఇక తమరు, గారు అనడం నా వల్ల కావడం లేదు. ముప్పై ఏళ్ల పరిచయం, నువ్వనే అంటా.

నీ మీద నా ఫిర్యాదు ఒక్కటే. నువ్వు పడకముందు ఆ పెన్ను రాస్తదో రాయదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. నువ్వు పడ్డ మరుక్షణం అది వాడిన వస్తువు, ఇక వాపసు తీసుకోరు. ఎన్నికలప్పుడు వేలి మీద పెట్టే చుక్కకు నువ్వేమైనా దగ్గరి చుట్టానివా? అది పడ్డాక ఓటు కూడా వాపసు రాదు. కాకపోతే అక్కడ ఐదేళ్లకోసారి ఇంకో చాన్సు ఇస్తారు.

మొదట క్లాక్ టవర్ దగ్గర ఒక దుకాణానికి పోయాను. పేరెందుకులే. అద్దాల పెట్టెలో మఖ్మల్ గుడ్డ మీద పెన్ను పడుకొని ఉంది, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు. "ఒకసారి ఇంకులో ముంచి చూస్తా" అన్నాను. దుకాణదారు నన్ను కిందినుంచి మీదికి చూసి, "ముంచితే కొన్నట్టే సార్" అన్నాడు.

"రాయకపోతే?"

"గిఫ్ట్ పెన్ను సార్ ఇది. ఎవరు రాస్తరు దీంతోని?"

ఆయన తప్పేం లేదు. సన్మాన సభల్లో నాకే అట్లాంటివి నాలుగొచ్చాయి, నేనూ నాలుగిచ్చాను. ఒక్కదానిలోనూ ఎవరూ ఇంకు పోయలేదు. కానీ మా నాయన నన్ను పెన్ను కొనిచ్చేందుకు తీసుకపోయినప్పుడు గల్లాపెట్టె పక్కన మూత తీసిన ఇంకు సీసా, తడి గుడ్డ, ఒక పాత అట్టల నోటుబుక్కు ఉండేవి. ముంచు, రాయి, నచ్చకపోతే గుడ్డకు తుడిచి పెట్టెయ్యి. ఆ నోటుబుక్కు నిండా ఊరందరి సంతకాలే. అప్పుడు నువ్వు పడితే పెన్నుకు పరీక్ష. ఇప్పుడు నా పర్సుకు పరీక్ష.

సరే, కొన్నాను. ఇంకు అడిగితే పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా తీశాడు. నల్లగా, చిక్కగా ఉంది. సీసా మీద బొమ్మలు వేసే ఇంకని అచ్చేసి ఉంది. అడిగితే "ఇంకు ఇంకే గద సార్" అన్నాడు. ఇంకు ఇంకే కాదు, ఆ సంగతి నీకు చెప్పాలా? బొమ్మల ఇంకులో మసి ఉంటుంది, అది కాగితానికి పట్టుకోవడానికి లక్క కలుపుతారు. కాగితానికి పట్టుకునేది పెన్ను గొంతుకు పట్టుకోదా? పాళీ కింద ఉండే నల్లటి నాలుకలాంటి ముక్కలో సన్నటి గాడి ఉంటుంది. నువ్వు నడవాల్సిన దారి అదే. అందులో లక్క ఎండితే ఇక వానాకాలం కోయిల్‌సాగర్ గేట్లన్నీ ఎత్తినా ఆ పెన్నులోంచి చుక్క రాదు. సీసా కూడా వెంట కొనుక్కున్నాను కాబట్టి నేరం నాదేనని దుకాణదారు తేల్చాడు.

రెండోది డ్రాపర్‌తో పోసే పెన్ను. గొట్టం నిండా ఇంకే, పాత పద్ధతి. దుకాణాలతో విసిగి నేరుగా ఒక అమ్మకందారుకు డబ్బులు పంపి తెప్పించుకున్నాను. బాగానే రాసింది, మార్చి దాకా. ఏప్రిల్‌లో మా పాలమూరు ఎండ మొదలైంది. ఇంకు సగానికి దిగితే ఆ ఖాళీలో గాలి చేరుతుంది. చేతి వేడికి, జేబు వేడికి ఆ గాలి ఉబ్బి నిన్ను ముందుకు తోస్తుంది. నువ్వేమో ఆగే రకం కాదు. ఆడిట్ వాళ్లు కూర్చున్న రోజు నా జేబులో నుంచి బయటికొచ్చి రొమ్ము మీద రూపాయి బిళ్లంత పతకం పెట్టావు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మీ ఊరి ఎండకు మా గ్యారంటీ ఉండదండీ" అన్నాడు. ఒప్పుకున్నాను. ఎండ మాదే. కానీ చుక్క ఇంకు కారదని పెద్దక్షరాల్లో రాసింది ఆయనే కదా.

ఇక మూడోది. అసలు అర్జీ దీని గురించే.

ఆన్‌లైన్‌లో 1,999 కొట్టేసి 649 అని రాశారు. 67 శాతం తగ్గింపంట. కింద కొన్నవాళ్ల మాటలు చదివాను. "ప్యాకింగ్ సూపర్, ఇంకా రాసి చూడలేదు, ఐదు స్టార్లు." "మా బావకు గిఫ్ట్ ఇచ్చిన, ఆయన ఖుషీ, ఐదు స్టార్లు." "డెలివరీ తమ్ముడు మంచోడు, ఐదు స్టార్లు." నిన్ను చూసినవాడు ఒక్కడూ లేడు. అప్పుడే అర్థం కావాల్సింది.

పెన్ను వచ్చింది. పాళీ మీద ఇరిడియం పాయింట్ జర్మనీ అని చెక్కి ఉంది, డబ్బా అడుగున చీటీ మీద మేడిన్ చైనా అని ఉంది. చైనాతో నాకు పేచీ లేదు, చిన్నప్పటి హీరో పెన్ను అక్కడిదే, పదేళ్లు రాసింది. ఆ జర్మనీ మాటలు చెక్కిన పాళీలన్నీ జర్మనీవి కావు, మొనలో ఇరిడియం అనే ఆ గట్టి లోహం ఉంటుందన్న నమ్మకమూ లేదు. అదొక పచ్చబొట్టు లాంటిది, అంతే. ఇంకు పీల్చే కన్వర్టర్ ఉంటుందన్నారు, డబ్బాలో ఒక ఖాళీ కార్ట్రిడ్జ్, అంటే ఇంకు పోసే ప్లాస్టిక్ గొట్టం, ఉంది. దాన్ని నింపడానికి మెడికల్ షాపుకు పోయి సిరంజి అడిగితే "ఎవరికి బాగలేదు సార్?" అని పరామర్శించారు. మా పాలమూరుకు చుక్కలెక్కించుడు కొత్తేం కాదు. 2018లో చెదలు పట్టిన పిల్లలమర్రి కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందెక్కించారు. ఆ ఊడలచెట్టు తేరుకుంది. నా పెన్ను తేరుకోలేదు.

ఏం చేసిందో చెప్తా విను. అక్షరం పడుతుంది. పెన్ను లేపి తలకట్టు పెడితే పడదు. మళ్లీ పెట్టాలి, ఈసారి నొక్కి. పేజీ అంతా తలపాగాలు ఊడిపోయిన పెళ్లిబృందంలా ఉంది. వాచీలు బాగుచేసే సాబ్ దగ్గరికి తీసుకపోయాను. ఆయన కంటికి అద్దం తగిలించుకొని, పాళీని దీపం కిందికి పట్టి, కాసేపు తిప్పి చూసి, "సార్, చీలిక కాడ లోపలికి గుండ్రంగ అరిగించిండ్రు. ఇంకు అంచు దాక వస్తుంది, కాగితాన్ని ముట్టుకోదు" అన్నాడు. పెన్నుల పిచ్చివాళ్లు దీన్ని పసిపిల్ల పిరుదులంటారు. పోలిక బాగుంది, పెన్నే బాగాలేదు.

వాపసు పెట్టాను. ఫోన్‌లో అడిగింది: వస్తువు వాడారా? అవును, కాదు. ముప్పై ఏళ్లు నిజం చెప్పమని పిల్లల చెవులు మెలేసినవాణ్ని, 'అవును' నొక్కాను. ఆ తర్వాత భయమేసి నీ ఆనవాళ్లు తుడవడానికి కూర్చున్నాను. గోరువెచ్చటి నీళ్లలో వేశాను, నీలం. నీళ్లు మార్చాను, నీలం. తెల్లారి చూస్తే మళ్లీ నీలం. ఆ నాలుక ముక్కకు చేప మొప్పల్లా సన్న సన్నటి అరలుంటాయి, నువ్వందులో దాక్కుంటావు. మా ఇంటామె వచ్చి చూసి "ఆ నీళ్లు పారబొయ్యకుండ్రి, నీ తెల్లంగీలకు నీలి పెట్టనీకె పనికొస్తయి" అన్నది.

నాలుగో రోజు వాపసు తీసుకపోయే పిల్లోడొచ్చాడు. మా పాత విద్యార్థే, తొమ్మిదో తరగతిలో రెండో బెంచీ. దండం పెట్టి, ఫోన్‌లో బొమ్మను, చేతిలో పెన్నును మార్చి మార్చి చూశాడు. పాళీ చీలికలో వెంట్రుకంత నీలం గీత ఉంది. నువ్వే.

"సార్, ఇంకు ఉంది. యాప్ తీస్కోదు."

"పెన్నులో ఇంకు గాక పల్లినూనె ఉంటదారా?"

"నేనేం జెయ్యాలె సార్. కొత్తగ ఉంటెనే స్కాన్ జెయ్యమన్నరు." కాసేపాగి మెల్లగా, "వాడలేదని నొక్కాల్సింది సార్" అన్నాడు.

చట్టం నాకు తెలుసు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న వస్తువును అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనరాదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అందిందని చెప్పారు, నిజంగానే 48 గంటల్లో. నెల ఇంకా నిండలేదు. నిండితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తా. కానీ లోపమున్నదని నువ్వు లేకుండా నేనెట్లా రుజువు చెయ్యాలి? నిన్ను పెట్టుకుని ఎట్లా వాపసివ్వాలి? నియమాల్లో నీ పేరు ఎక్కడా లేదు. అందుకే నేరుగా నీకే అర్జీ పెట్టుకుంటున్నాను.

ఆ పిల్లోడు బండి ఎక్కబోతూ ఆగాడు. పక్కింటి పార్సిల్ కవర్ మీద ఇంటి నంబరు చెరిగిపోయిందట. "సార్, పెన్నుందా?" అన్నాడు. చేతిలో ఉన్నది అదే. ఇచ్చాను. కవర్ మీద రెండుసార్లు గీశాడు. గీత పడింది, రంగు లేదు. వేలి గోరు మీద గీసి చూశాడు. నావైపు చూసి, అంగీ జేబులోంచి తన ఐదు రూపాయల బాల్ పెన్ను తీసి నంబరు రాసుకున్నాడు.

"ఇది నడుస్తలేదు సార్" అని నా పెన్ను నాకిచ్చి పోయాడు.

సాయంత్రం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "తనిఖీ పూర్తయింది. వస్తువులో ఎలాంటి లోపం కనిపించలేదు."

ఇట్లు,
నీ వల్ల నీలంబడిన,
ఒక పంతులు