డిపిక్ట్ అంటే ‘సూచించు’ కాదండీ

ఇంగ్లిష్ మాటల అర్థాల మీద మీరు వేసిన వ్యాసంలో డిపిక్ట్, రిప్రజెంట్ రెండింటికీ ‘సూచించు’ అని ఒకే అర్థం ఇచ్చారు. తిరుపతిలో పదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను, అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

డిపిక్ట్‌కి మూలం బొమ్మ వేయడం అనే లాటిన్ మాట. పిక్చర్ కూడా అక్కడిదే. మా పక్కనే శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో సీతను గీస్తారు. అశోకవనంలో చెట్టు కింద తల వంచుకుని కూర్చున్న సీత, చెంపకు ఆనించిన చెయ్యి, అన్నీ కంటికి కనిపిస్తాయి. అదీ డిపిక్ట్ చేయడమంటే. నుదుటి మీద నామం చూస్తే స్వామి గుర్తొస్తాడు గానీ అందులో ఆయన రూపం లేదు. అది రిప్రజెంట్. ఎమ్మెల్యే అసెంబ్లీలో మన ఊరిని రిప్రజెంట్ చేస్తారు, డిపిక్ట్ చేయరు. కరువును కళ్లకు కట్టినట్టు రాస్తే మాత్రం, మాటలతోనైనా, డిపిక్ట్ చేసినట్టే.

ఇంకొకటి. పిల్లలు ‘డిపిక్ట్స్ అబౌట్’ అని రాస్తుంటారు. తెలుగులో ‘గురించి’ అంటాం కదా, అదే చేతికొచ్చేస్తుంది. అబౌట్ అక్కర్లేదు.

దయచేసి డిపిక్ట్ అర్థాన్ని ‘చిత్రించు’ అని మార్చండి. పరీక్షల ముందు పిల్లలు ఇవి చూసే రాసుకుంటారు.