మహారాజశ్రీ బీథోవెన్ గారి జుట్టు పాయకు...

మహారాజశ్రీ అని రాసేశాక గుర్తొచ్చింది, 2023 నుంచి తమరిని అలా పిలవకూడదని. పోనీ మహాలక్ష్మీ సమానురాలైన అందామంటే పెళ్లయిందో లేదో తెలియదు. చిరంజీవి సౌభాగ్యవతి అందామంటే వయసులో మా ముత్తవ్వకంటే పెద్దవారు. కాబట్టి పైన రాసింది అలాగే ఉంచేస్తున్నాను. ఉభయకుశలోపరి.

చెవుడొచ్చినా గొప్ప సంగీతం రాసిన జర్మన్ స్వరకర్త బీథోవెన్ గారి జుట్టుగా పేరుపడ్డ తమరి సంగతి చదివినప్పటి నుంచి దువ్వెన చూస్తే అదోలా ఉంటోంది. చిన్నప్పుడు మా అమ్మ తల దువ్వుకున్నాక, దువ్వెనకు పట్టిన వెంట్రుకల్ని వేలికి చుట్టి ఉండ చేసి పెరటి గోడ పగుల్లో దోపేది. అప్పుడప్పుడూ ఒకతను సైకిల్ మీద "చిక్కు వెంట్రుకలు కొంటాం" అని అరుచుకుంటూ వచ్చేవాడు. మూడు నెలల ఉండలు ఇస్తే ఒక స్టీలు గరిటె. గట్టిగా బేరమాడితే పైన పిన్నీసులు. తమరిని 1994లో లండన్ సోత్‌బీస్ వేలంలో సుమారు 7,300 డాలర్లకు పాడుకున్నారు. తర్వాత తమరున్న అద్దాల పెట్టె విప్పి లెక్కపెడితే 582 వెంట్రుకలు. ఒక్కోటీ పన్నెండున్నర డాలర్లు పడింది. ఈ లెక్క ఫోన్లో మా అమ్మకు చెబితే, "ఆ గోడ పడగొట్టకుండా ఉండాల్సింది రా" అంది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు అందరికీ కంఠతా వచ్చు. బీథోవెన్ 1827 మార్చి 26న వియన్నాలో పోయారు. మర్నాడు ఫెర్డినాండ్ హిల్లర్ అనే పదిహేనేళ్ల శిష్యుడు గురువు హుమ్మెల్‌తో కలిసి కడసారి చూపుకు వెళ్లి, పనిలో పనిగా ఒక పాయ కత్తిరించుకున్నాడు. అతనొక్కడే అయితే బాగుండేది. అంత్యక్రియల రోజున బీథోవెన్ స్నేహితుడు బ్రాయినింగ్, కొడుకును వెంటబెట్టుకుని ఒక పాయ తీసుకుందామని వెళితే అప్పటికే అంతా అయిపోయింది. ఎవరెవరో వచ్చి కోసుకుపోయారు. కల్యాణకట్టలో మనం దేవుడికి తలనీలాలు ఇస్తాం. వియన్నాలో జనం దేవుడి తలే నున్నగా చేశారు.

అయినా ఈ సరుకులో కల్తీ కొత్తేం కాదు. ఆయన బతికుండగానే, 1826లో, ఆంటోన్ హాల్మ్ అనే పియానిస్టు భార్య ఒక పాయ కావాలని ముచ్చటపడితే, మధ్యవాళ్లు మేక వెంట్రుకలు పంపారు. ఆవిడ ఎంత భక్తిగా దాచుకుందో పాపం. సంగతి బయటపడ్డాక బీథోవెన్ స్వయంగా తన జుట్టు కత్తిరించి హాల్మ్ చేతిలో పెట్టారు. ఆ పాయ ఇప్పటికీ ఉంది. దాని పేరెత్తితే తమరికి మండుతుందేమో, కాసేపట్లో మళ్లీ ఎత్తాలి, ఓర్చుకోండి.

తమరిని హిల్లర్ 1883లో కొడుకు పాల్‌కు పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. ఆ తర్వాత 1943లో డెన్మార్క్‌లోని గిల్లెలై అనే జాలరి రేవులో తేలారు. నాజీల చేతికి చిక్కకుండా స్వీడన్‌కు పడవలెక్కుతున్న యూదుల్లో ఎవరో, తమకు సాయం చేసిన డాక్టరు చేతిలో తమరిని పెట్టి వెళ్లిపోయారు. కట్టుబట్టలతో పారిపోతూ కూడా ఈ అద్దాల పెట్టెను వదల్లేదు చూడండి. ఇక్కడ మాత్రం నాకు వెటకారం రావడం లేదు.

సైన్సు వాళ్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ వస్తోంది. 2000లో తమరిని షికాగో దగ్గరి ఆర్గాన్ ప్రయోగశాలలో పరీక్షించారు. మామూలు కంటే దాదాపు వంద రెట్లు సీసం ఉందన్నారు. అదిగో, బీథోవెన్ కడుపునొప్పికీ కోపానికీ కారణం దొరికిందన్నారు. పాదరసం ఆనవాళ్లు లేవు, కాబట్టి సిఫిలిస్ మందు తిన్నట్టు లేదన్నారు. మార్ఫిన్ జాడా లేదు, కాబట్టి అంత బాధలోనూ మత్తు లేకుండా సంగీతం రాశాడన్నారు. చదివి నేనూ కళ్లు తుడుచుకున్నాను. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడం అంటే విన్నాను గానీ, ముడేయడానికి జుట్టు ఇంకొకరి నుంచి తెచ్చుకోవడం ఇదే చూడటం.

ఎందుకంటే 2023లో డీఎన్‌ఏ తీశారు. బీథోవెన్‌వి అని చెప్పుకునే ఎనిమిది పాయలు పెడితే ఐదు మాత్రమే నికరంగా నిలిచాయి. వాటిలో హాల్మ్‌కు ఇచ్చినదీ ఒకటి. తమరు ఒక స్త్రీ జుట్టని తేలింది. తల్లివైపు జన్యువులు యూదు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే రకం. అసలు పాయలు మాత్రం నోరు విప్పాయి: కాలేయ జబ్బు వచ్చే వంశలక్షణం ఉంది, చివరి రోజుల్లో హెపటైటిస్ బి ఉంది. చెవుడు ఎందుకొచ్చిందో చెప్పమ్మా అంటే అది మాత్రం చెప్పలేదు. అడగని సంగతి ఒకటి చెప్పాయి. బెల్జియంలో ఇప్పుడున్న బీథోవెన్ ఇంటిపేరు వాళ్లతో ఆయన మగవంశం కలవడం లేదట! తాతముత్తాతల్లో ఎక్కడో ఏదో జరిగిందట. చెవి పరీక్షకు వెళ్లినవాడికి ఏడు తరాల గుట్టు రిపోర్టులో చేతికిచ్చినట్టుంది.

ఇంకో విచిత్రం. తమరు బీథోవెన్ కారని తేలగానే సీసం కథ కూడా కొట్టుకుపోయిందనుకున్నాం. 2024లో నికార్సైన పాయలు రెండింటిని పరీక్షిస్తే ఒకదాంట్లో గ్రాముకు 258 మైక్రోగ్రాముల సీసం, రెండోదాంట్లో 380. మామూలుగా 4 దాటకూడదు. అంతమాత్రానికే ప్రాణం పోదుగానీ, చెవికీ కడుపుకూ చేటు చేసి ఉండొచ్చన్నారు. వెంట్రుక కట్టి కొండను లాగితే వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు. ఇక్కడ వెంట్రుక పోయింది, కొండ వేరే దారిన వచ్చింది.

అసలు అడగాలనుకున్నది ఇది. తమరిలోనూ వంద రెట్లు సీసం ఉందన్నారు కదమ్మా. మరి తమకూ కడుపునొప్పి వచ్చేదా? చికాకు పడేవారా? బీథోవెన్ అనుకున్నంతకాలం ఆ సీసం మీద ఎన్ని మాటలు, ఎంత జాలి! ఆడమనిషి అని తెలిశాక ఆ సీసం సంగతి ఒక్కరూ ఎత్తరేం? ఏ వంటపాత్ర నుంచి వచ్చిందో, ఏ ద్రాక్షసారాలోదో, ఏ మందులోదో. లేకపోతే ఆ హిల్లర్ ఇంట్లోనే ఎవరైనా, మా అమ్మలాగే, దువ్వుకున్నాక వేలికి చుట్టి చేతికందిన చోట దోపారా?

ఇంతకీ ఈ ఉత్తరం అమెరికాలోని శాన్ హోసేకు పంపాలి. అక్కడి స్టేట్ యూనివర్సిటీ బీథోవెన్ కేంద్రంలో కదా తమ కాపురం. ఆ ఊళ్లో మనవాళ్లకు కొదవలేదు, ఎవరో ఒకరి చేత పంపిస్తాను. కవరు మీద తమ పేరు తెలియక, ఎప్పటిలాగే కేరాఫ్ బీథోవెన్ అని రాశాను. ఏమీ అనుకోకండి.