ఫిట్! నెక్స్ట్ ఎవరు?

మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకున్న ఫైర్‌మ్యాన్ మళ్ళీ డ్యూటీలో చేరాలంటే మా తిరుపతిలో ఒక పరీక్ష ఉంది. ఇంత గొప్ప పరీక్షకు ఇంకా పేటెంటు తీసుకోలేదంటే అది మనవాళ్ళ వినయం.

"ఎట్లొస్తివబ్బా?"

"నడిచే వచ్చినాను సార్."

"లిఫ్టులో రాలేదా?"

"లిఫ్టు పన్జెయ్యలేదు సార్."

"అయితే మెట్లు గూడా ఎక్కేసినావు!"

"వంగితే పట్టేస్తాంది సార్..."

"వంగొద్దు మరి. ఫిట్!"

స్టాంపు ప్యాడు ఎండిపోయి ఉంది. అటెండరు సీలు మీద రెండుసార్లు ఊది, లేచి నిలబడి, ఒళ్ళు బరువంతా మోపి నొక్కాడు. ఆ గదిలో బరువు మోసి చూపించింది ఆ సీలొక్కటే.

పోయేవాణ్ణి ఊరికే పోనిస్తారా, వ్యాయామ శాస్త్రం కూడా బోధిస్తారు. "వారానికోసారి అలిపిరి నుంచి కొండెక్కు, అంతా సర్దుకుంటాది." 3550 మెట్లు. పైగా దారిలో మోకాళ్ళ పర్వతం! వైద్యం పేరులోనే ఉంది, ఇక ఫిజియోథెరపిస్టు దండగ.

కొండెక్కిన భక్తుడు దిగేటప్పుడు హాయిగా బస్సెక్కుతాడు. కాలుతున్న మూడో అంతస్తు నుంచి ఫైర్‌మ్యాన్‌కు ఏ బస్సూ ఉండదు. దిగేటప్పుడే తొడ కండరం సాగుతూ బరువాపాలి. మోకాలి గుట్టు అక్కడే బయటపడుతుంది. ఒంటిమీద సూటు, వీపున గాలి సిలిండరు కలిసి ఇరవై కిలోల దాకా తూగుతాయి. భుజాన మనిషి ఉంటే ఆ బరువు వేరే.

అమెరికాలో ఈ ఉద్యోగానికి వచ్చే కొత్తవాళ్ళకే ఒక పరీక్ష పెడతారు. దాదాపు 23 కిలోల చొక్కా తొడిగి, గొట్టం లాగడం, నిచ్చెన ఎత్తడం, బొమ్మను ఈడ్చడం లాంటి ఎనిమిది పనులు 10 నిమిషాల 20 సెకన్లలో చేయిస్తారు. మెట్లెక్కే యంత్రం మీద ఇంకో 11 కిలోలు భుజాలకెత్తుతారు. పాపం, వాళ్ళకు సీలు కొట్టడం తెలీదు!

లిగమెంటు ఆపరేషన్ అయిన ఆటగాణ్ణి తొమ్మిది నెలల లోపు మైదానంలోకి దించడానికి మంచి ఫిజియోలు ఒప్పుకోరు. ఆ కాలి బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉందా అని కొలుస్తారు, ఒంటికాలిపై గెంతించి చూస్తారు. అదంతా బంతి వెంట పరిగెత్తడానికి. మంటల్లోకి పరిగెత్తేవాడికి అదీ అక్కర్లేదా? ఏం కావాలని? ఓ చెక్కపెట్టె, ఇసుక బస్తా, స్టేషన్లోనే పడున్న పాత గొట్టం, వారం వారం బరువు కాస్త పెంచి చేయించే ఫిజియో ఒక్కడు. ఇవి ఇవ్వడానికి చేతులు రావు. అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యే ఏప్రిల్ 14న మాత్రం, 1944లో బొంబాయి రేవు పేలుడులో పోయిన అగ్నిమాపక సిబ్బంది పేరు చెప్పి మైకు పట్టుకుని గొంతు పూడిపోతుంది! అదే వారంలో ఆ కుట్లు పడ్డ మోకాలినే ముఖ్య అతిథి చప్పట్ల కోసం తాడు మీద నుంచి జారమంటారు. సిగ్గుండాలి.

ఆ డ్రిల్లులో ఒక మార్పు చేస్తే చాలు. బొమ్మకు బదులు, ఫిట్ అని సంతకం పెట్టిన సారునే భుజానికెత్తించి, ఆ కాలి మీదే మూడంతస్తులు దింపించాలి.