ముత్తాతకు తానే మనవడు

మూడేళ్లుగా కూర్చిన వంశవృక్షాన్ని పోయిన వారం ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకొకదానికి మార్చాను. పేర్లన్నీ వచ్చాయి. ఫొటోలు ఒక్కటీ రాలేదు! ఈ మార్పిడికి వాడే జెడ్‌కామ్ ఫైలు పద్ధతి 1984లో పుట్టింది. పాత వెర్షన్లలో అది ఉత్త అక్షరాల మూట. సాధారణంగా అందులో ఫొటో ఉండదు, అది ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ చిరునామా ఏమో నా పాత కంప్యూటర్‌ది. ఫొటోలనూ కలిపి మూటగట్టే వీలు 2021లో వచ్చిన 7.0 వెర్షన్‌లో ఉంది. నా రెండు సాఫ్ట్‌వేర్లకూ ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

సరే, ఫొటోలు మళ్లీ ఎక్కిస్తాను. తేదీల సంగతేమిటి? ముత్తాత పుట్టింది ‘సుమారు 1890’ అని రాసుకుంటే, కొత్తది దాన్ని 1890 జనవరి 1 చేసేసింది. నా అనుమానాన్ని చెరిపేసి, ఎవరూ చెప్పని రోజును ఆయనకు అంటగట్టే హక్కు దానికెవరిచ్చారు? (‘సుమారు’ అని చెప్పడానికి జెడ్‌కామ్‌లో ప్రత్యేకంగా ఒక గుర్తే ఉంది!)

పైగా ఒకే పేరు ఇద్దరికి కనిపిస్తే చాలు, ‘ఒకరే కావచ్చు, కలపమంటారా?’ అని రోజూ ప్రాణం తీస్తుంది. మొన్న నిద్రమత్తులో సరేనన్నాను. ఇప్పుడు మా ముత్తాత తనకు తానే మనవడు. విడదీసే మీట కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.