లిఫ్ట్ ఎక్కొద్దన్నది మనమే

కరోనాలో పనిచేస్తున్న వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా చప్పుడు చెయ్యమంటే, 2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి గుంటూరు బ్రాడీపేటలోని మా అపార్ట్‌మెంట్ బాల్కనీలన్నీ నిండిపోయాయి. కంచాలు, గరిటెలు, ఒకరింట్లోంచి పూజ గంట. నేనూ కొట్టాను. కొన్ని వారాలకే మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: 'మూడో అంతస్తు నర్సమ్మగారు కొన్నాళ్లు లిఫ్ట్ వాడకపోతే అందరికీ మంచిది.' కింద వరసగా బొటనవేళ్లు. అందులో ఒకటి నాది.

ఆవిడ ఏమీ అనలేదు. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు వాచ్‌మన్ గది పక్కన వదిలి, విడిచిన బట్టల కవరు ఒంటికి తగలకుండా పట్టుకుని మెట్లెక్కేది. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద నల్లటి చార. రెండో అంతస్తు మలుపులో కాసేపు ఆగి ఊపిరి తీసుకునేది. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. తలుపు మాత్రం తియ్యలేదు.

ఆ ఏప్రిల్ 22నే కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వైద్య సిబ్బందిపై హింసకు మూడు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు. కొట్టడమొక్కటే హింస కాదు, వాళ్ల నివాసానికీ పనికీ ఇబ్బంది తెచ్చి విధులకు అడ్డుపడే వేధింపు కూడా హింసేనని అందులో రాశారు. మా మెసేజ్ ఆ నిర్వచనం కిందికి వస్తుందో రాదో లాయర్లు చెప్పాలి. చాలా దూరంలో మాత్రం లేదని నా అనుమానం. అయితే ఆ సవరణ అంటువ్యాధి ఉన్నన్నాళ్లకే. మామూలు రోజులకు మన రాష్ట్రంలో 2008 నాటి చట్టం ఉంది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ కాలర్ పట్టుకునేవాడికి ఈ రెండూ తెలీవు.

మే 3న దేశవ్యాప్తంగా హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. చూడ్డానికి బాగుంది. మే నెల బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. ఆ ఉక్కలో పీపీఈ కిట్ తొడిగితే గంటల తరబడి మంచినీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. డైపర్లు కట్టుకుని షిఫ్టు నడిపిన నర్సులున్నారు.

అసలు కిటుకు ఉద్యోగంలో ఉంది. రోగికి ఎంత దగ్గరగా మెసిలితే ఉద్యోగం అంత వదులుగా ఉంటుంది. బెడ్‌పాన్ తీసే ఆయా, స్ట్రెచర్ తోసే ఎంఎన్ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ), వార్డు తుడిచే శానిటేషన్ వర్కర్‌లలో ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనుషులే. 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో రాష్ట్రంలోనే మొదటి టీకా వేసింది ఒక పారిశుధ్య కార్మికురాలికి. మంచి పనే. టీకాలో ముందు నిలబెట్టిన మనిషిని జీతాల రోజున ఎక్కడ నిలబెడుతున్నాం?

ఆశా కార్యకర్తలది మరో కథ. కరోనాలో ఇంటింటి సర్వే చేసింది వాళ్లే. 2019లో రాష్ట్రంలో వాళ్లకిచ్చేది నెలకు పది వేలు చేశారు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. అందులో గౌరవం పాలెంతో విజయవాడ ధర్నా చౌక్‌లో కూర్చున్నవాళ్లని అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దేశంలోని ఆశాలందరికీ అవార్డు ఇచ్చింది. 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వరకు పని, గ్రాట్యుటీ ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది 2025లో. నా లెక్కలో రెండోదే పెద్ద సన్మానం.

కరోనాలో వైద్య సిబ్బందికి కేంద్రం పెట్టిన 50 లక్షల బీమాను తక్కువ చెయ్యను. కానీ అది చనిపోతే వచ్చే డబ్బు. జ్వరంతో పడి, బతికి బయటపడి, ఆ నెల అద్దె కట్టలేకపోయిన ఆయాకు అందులో ఏమీ లేదు. క్వారంటైన్ రోజుల్ని డ్యూటీ కింద లెక్కేయాలి, ఏజెన్సీకి బిల్లు రాకపోయినా జీతం ఆగకూడదు, ఆసుపత్రి పక్కనే పడుకోడానికి గది ఉండాలి. ఇవి ఇప్పుడే జీవోలో రాసి పెట్టుకోవాలి. కేసులు పెరిగే వారంలో ఎవరికీ తీరిక ఉండదు.

వైద్య సిబ్బందిని లిఫ్ట్, నీళ్లు, పార్కింగ్ వాడకుండా ఆపకూడదని మా అపార్ట్‌మెంట్ రూల్సులో ఒక లైను చేర్చమని మొన్న మీటింగులో అడిగాను. చూద్దామన్నారు. లిఫ్ట్ మెయింటెనెన్స్ ఎవరెంత కట్టాలన్న దగ్గరే టైమైపోయింది.